పిల్లల్ని అరుగు మీద కూర్చోబెట్టండి

మొన్న విస్సన్నపేటలో ఒక పెళ్ళికి వెళ్ళాను. భోజనాలయ్యాక ఆడవాళ్ళం అయిదుగురం ఒక చాప మీద చేరి ఆకు, వక్క వేసుకుంటున్నాం. మాటల్లో ఒకావిడ, తిరువూరులో బట్టల కొట్టు షావుకారు పోయాడని చెప్పింది. ఏ షావుకారని ఎవరూ అడగలేదు. "పిల్లల్ని బయట కూర్చోబెట్టే ఆయనేనా?" అంది పక్కావిడ. ఆయనే.

తీరా చూస్తే ఆ చాప మీదున్న మిగతా నలుగురూ చిన్నప్పుడు ఆయన కొట్లోంచి గెంటించుకున్నవాళ్ళే. ఒకావిడని ఏడ్చినందుకు, ఒకావిడని నవ్వినందుకు, ఇంకొకావిడని అద్దంలో చూసుకుంటూ పాట పాడినందుకు. నాలుగో ఆవిడకి కారణం గుర్తు లేదు, ఊరికే పిల్ల గనక గెంటి ఉంటాడంది. పోయిన మనిషి గురించి మాట్లాడుకుంటున్నామన్న ధ్యాస కూడా లేకుండా పడీ పడీ నవ్వారు. ఇంతమంది ఆడవాళ్ళు ఇన్నేళ్ళ తరవాత ఇంత ఇష్టంగా తిట్టుకునే మగవాడు ఆ చుట్టుపక్కల ఇంకొకడు ఉండడనుకుంటాను.

నేనూ నవ్వాను గానీ నా సంగతి చెప్పలేదు. వాళ్ళు ఆ కొట్టుకి పిల్లలుగా వెళ్ళారు. నేను పిల్లతల్లిగా వెళ్ళాను. నా సంగతి చెప్పాలంటే వక్క నమిలే సేపు చాలదు. అందుకని ఇంటికొచ్చి రాస్తున్నాను.

ఆయన పేరు మాత్రం రాయను. ఆయనకి ఎనిమిది మంది సంతానం. అందరూ తిరువూరు చుట్టుపక్కలే కాపురాలున్నారు, అందరికీ పెద్ద గొంతులు. పేరు రాస్తే ఎనిమిది మందీ వచ్చి మా వాకిట్లో నిలబడి మాట్లాడతారు. ఆ పోరు ఎలా ఉంటుందో వాళ్ళ నాన్న మొహంలో చూసినదాన్ని గనక, నేను పడలేను.

మావారికి తిరువూరు హైస్కూల్లో ఉద్యోగమై, పంతొమ్మిది వందల యాభైల నడుమ ఆ ఊళ్ళో కాపురం పెట్టాం. మా పాపకి అప్పటికి రెండేళ్ళు. మా అత్తగారు మాతోనే ఉండేవారు. నా దగ్గర పుట్టింటివాళ్ళిచ్చిన కుట్టుమిషను ఒకటుండేది. వీధిలో ఆడపిల్లలకి పరికిణీలు, జాకెట్లు కుట్టేదాన్ని. దాంతో పదిహేను రోజులకోసారైనా బట్టల కొట్టుకి వెళ్ళక తప్పేది కాదు. నిజం చెప్పాలంటే తప్పక వెళ్ళేదాన్ని కాదు, ఆ వంకన నాలుగు గోడల మధ్యనుంచి బయటపడేదాన్ని.

బజారులో పేరున్న బట్టల కొట్లు రెండు, ఎదురెదురుగా. ఒకదాంట్లో పిల్లలకి పట్టాభిషేకం. ఆ కొట్టాయన పిల్ల కనపడగానే "రా తల్లీ, రా నాన్నా" అని చేతిలో పిప్పరమెంటు పెట్టేవాడు. పిల్లలు లోపల ఇల్లు పీకి పందిరేసేవాళ్ళు. బట్టల మూటలెక్కి దూకేవాళ్ళు. ఆ జిగట చేతులతో తాన్లన్నీ తడిమేవాళ్ళు. ఆ తాన్లే చివరికి మనకి అంటగట్టేవాడు. అయినా ఆయనకి బంగారంలాంటి మనిషని పేరు.

రెండోది మన షావుకారుది. రెండు మెట్లెక్కితే అరుగు, పైన రేకు పంచ. అరుగు మీద ఒక బల్ల, మంచినీళ్ళ కుండ, గ్లాసు. తలుపు పక్కన గోడకి ఒక బోర్డు: "చిన్నపిల్లలను అరుగు మీద కూర్చోబెట్టవలెనని మనవి." పల్లెలనించి వచ్చేవాళ్ళలో చదువు వచ్చినవాళ్ళు తక్కువ. బడికెళ్ళే పిల్లలే ఆ బోర్డుని గట్టిగా కూడబలుక్కుని చదివి పెద్దవాళ్ళకి వినిపించేవాళ్ళు. ఒకరి తరవాత ఒకరు వంతులేసుకుని చదివేవాళ్ళు. ఆ చదువు చప్పుడుకి ఆయన మళ్ళీ విసుక్కునేవారు.

లోపల మాత్రం పరుపులు, వాటి మీద మల్లెపూవులాంటి తెల్ల దుప్పటి. చెప్పులు మెట్ల దగ్గరే విడవాలి. చీమ చిటుక్కుమంటే వినపడేది. మాటలు కూడా అందరూ గొంతు తగ్గించి మాట్లాడేవాళ్ళు, గుళ్ళో అయినా అంత తగ్గించరు.

ఇంతలో ఏ పిల్లాడో ఏడుపు అందుకున్నాడనుకోండి. ఆయన కసిరేవారు కాదు. కళ్ళజోడు తీసేవారు. మడిచి, రేకు పెట్టెలో పెట్టి, టక్కున మూసేవారు. చేతులు రెండూ ఒళ్ళో పెట్టుకుని ఎదుటి గోడమీది కేలండరు వంక చూస్తూ కూర్చునేవారు. బేరం అక్కడితో ఆగిపోయేది. కొనే మనిషి కూర్చునే ఉంటుంది, చూపించిన గుడ్డ పరిచే ఉంటుంది, షావుకారు మాత్రం ఊళ్ళో లేడు. ఆ తల్లి కాసేపు గిజగిజలాడి, పిల్లాణ్ణి తీసుకెళ్ళి అరుగు మీద కూర్చోబెట్టి వచ్చేది. అప్పుడు పెట్టె తెరిచి, జోడు పెట్టుకుని, మాట ఎక్కడ ఆగిందో అక్కణ్ణించే అందుకునేవారు. "ఈ పచ్చది ఉతికితే వెలవదమ్మా" అని.

ఇదంతా పొగరని ఎదుటి కొట్టాయన ప్రచారం చేశాడు. పొగరు కాదు. ఆయన వర్తకం అంతా చెవితోనే. గుడ్డ నాణ్యం కంటికి తెలియదనేవారు. అంచుని బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పట్టి, చెవి దగ్గర పెట్టుకుని నలిపేవారు. తరవాత మన చెవి దగ్గర నలిపేవారు. గంజి పెట్టి బిగించిన గుడ్డ గరగరమంటుంది, మంచి నూలు మెత్తగా ఏదో అంటుంది. "గంజి అరుస్తుందమ్మా, నూలు మాట్లాడుతుంది" అనేవారు. నాకు చాలాకాలం వరకూ రెండింటికీ తేడా తెలియలేదు. తెలిసినట్టు తలాడించేదాన్ని.

రెండోది లెక్క. మన వర్తకులు కొలిచేటప్పుడు ఒకటి అనరు. ధాన్యమైనా గుడ్డయినా మొదటిది "లాభం". తరవాత రెండు, మూడు. ఆయన ఇత్తడి గజంబద్ద పట్టుకుని, గుడ్డని దాని వెంట సాగదీస్తూ, "లాభం... రెండు... మూడు..." అని దీక్షగా పైకి లెక్కపెట్టేవారు. మధ్యలో ఎవరైనా కేక పెట్టి లెక్క తప్పితే, ఆగిన చోటునుంచి అందుకునేవారు కాదు. గుడ్డంతా వెనక్కి లాక్కుని మళ్ళీ లాభం దగ్గర మొదలుపెట్టేవారు. కొట్టు పెట్టిన కొత్తలో ఒక పిల్లాడు కేక పెడితే ఒక అంకె దాటేశారట. రెడ్డిగూడెం పెళ్ళికూతురి వోణీకి గుడ్డ గజం తక్కువైంది. పెళ్ళి పనులు మానుకుని రెండు బళ్ళ జనం వచ్చి కొట్టు ముందు దిగారట. ఆ కథ ఆయన చెబుతుంటే ఏదో యుద్ధం నుంచి బతికి బయటపడిన మనిషి చెబుతున్నట్టుండేది.

ఇంత నిశ్శబ్దం కోరే మనిషి ఇంట్లో ఎలా ఉంటాడా అని నాకు కుతూహలంగా ఉండేది. ఒకసారి శ్రావణమాసంలో పేరంటానికి వాళ్ళింటికి వెళ్ళినప్పుడు తెలిసింది. గుమ్మంలో ఒకడు చెంబు బోర్లించి వాయిస్తున్నాడు, ఇద్దరు కొట్టుకుంటున్నారు, ఉయ్యాల్లో ఒకడు ఆరున్నొక్క రాగంలో ఉన్నాడు. వాళ్ళావిడ నాకు పసుపు రాస్తూ, ఇంట్లో ఆయన గొంతు తాను విన్నది తక్కువేనంది. "ఆయనకి వంతు రాదండీ" అంది. మధ్యాన్నం కేరేజీ పట్టుకెళ్ళే కొడుకు కూడా దాన్ని అరుగు మీద పెట్టి రావలసిందేనట. సొంత పిల్లలకి కూడా బోర్డు వర్తించేది. ఆ ఒక్క విషయంలో ఆయన్ని ఎవరూ వేలెత్తి చూపలేకపోయారు.

ఇప్పుడు మా పాప సంగతి. దానికి రెండు నిండి మూడో ఏడు నడుస్తోంది, నోట ఒక్క మాట లేదు. అమ్మా అనదు, అత్తా అనదు. కావలసినా అరుపే, వద్దన్నా అరుపే, సంతోషమొచ్చినా అరుపే. ఆ అరుపు మా వీధి చివర మొదలైతే బజారు దాకా వినపడేది. దాని తోటి పిల్లలు ముద్దు ముద్దుగా మాట్లాడుతుంటే దాన్నెత్తుకుని ఇంట్లోకి వచ్చేసేదాన్ని. మా అత్తగారు వసకొమ్ము తేనెలో అరగదీసి రోజూ నాలిక మీద రాసేవారు. నెమలి అనే ఊరి గుడికి వెళ్ళి స్వామికి గంట కడతానని మొక్కుకున్నారు. బెజవాడ తీసుకెళ్ళి డాక్టరుకి చూపించాం. చెవులు బాగున్నాయి, ఇంకొన్నాళ్ళు చూద్దాం అన్నాడు. పిల్లకి మూగతనం ఉందని ఎవరూ అనలేదు. ఎవరూ అనకపోవడానికే నాకు ఎక్కువ భయం వేసింది.

మొదటిసారి దాన్నెత్తుకుని ఆ కొట్టుకి వెళ్ళినప్పుడు పెద్ద రభస అయింది. కొట్లో పదిమంది ఆడవాళ్ళున్నారు. ఆయన నా జాకెట్టు గుడ్డ కొలిచి, అంచున కత్తెరతో ఒక గాటు పెట్టి, చర్రున చింపారు. ఆ చప్పుడు మా పాపకి ఎంత నచ్చిందో, కొట్టు దద్దరిల్లేలా అరిచింది. టక్కున రేకు పెట్టె మూసుకుంది. ఆయన కేలండరు వంక చూడసాగారు. అందరూ నావంక చూడసాగారు. నాకు తల కొట్టేసినట్టయింది గానీ లేవలేదు. ఎంతసేపటికీ లేవకపోయేసరికి ఆయనే నోరు విప్పవలసి వచ్చింది.

"పాపని అరుగు మీద కూర్చోబెట్టండమ్మా."

అది ఒక్కతీ అరుగు మీద ఉండదనీ, నేను పక్కన లేకపోతే ఇంకా గట్టిగా అరుస్తుందనీ చెప్పాను. ఇంట్లో అత్తగారు పట్టుకోలేరనీ చెప్పాను. "దాన్ని బయట ఉండమంటే నన్ను బయట ఉండమన్నట్టేగదండీ" అన్నాను. ఆయన దానికీ ఒక దారి ఆలోచించారు. తాన్లు అరుగు మీదకే తెచ్చి చూపిస్తానని, నిజంగానే రెండు తాన్లు చంకన పెట్టుకుని లేచారు. దుమ్ములో, రేకు వేడిలో, దారిన పోయే ఆవుల మధ్య నేను మిగతా గుడ్డలు ఏరుకోవాలన్నమాట. నాకు ఒళ్ళు మండింది. ఆ మంటలో, అంతవరకూ మావారి ముందు కూడా పైకి అనని మాట నోట్లోంచి వచ్చేసింది.

"అది అల్లరి చెయ్యట్లేదండీ. దానికి మాటలు రావు. అరుపొక్కటే వచ్చు."

ఆయన నిలబడ్డచోటే నిలబడ్డారు. తరవాత తాన్లు కింద పెట్టి, కూర్చుని, పెట్టె తెరిచి జోడు పెట్టుకున్నారు.

"అయితే ఉండనివ్వండి. బోర్డు అల్లరి పిల్లలకి" అన్నారు.

గెలిచాననుకుని ఇంటికొచ్చాను. ఎంత తెలివితక్కువదాన్నో పదిరోజుల్లో తెలిసింది. మళ్ళీ వెళ్ళినప్పుడు, తన కొడుకుని అరుగు మీద వదిలొచ్చిన ఒకావిడ ఊరుకోలేదు. మా వాడు కిక్కురుమంటే బయటికి, ఆ పిల్ల ఊరెగిరిపోయేలా అరిచినా లోపలేనా అని నిలదీసింది. న్యాయమే. ఆయన గొంతు బాగా తగ్గించి, "ఆ పిల్ల సంగతి వేరమ్మా" అన్నారు. ఆ కొట్లో గొంతు తగ్గిస్తే ఇంకా బాగా వినపడుతుంది.

అంతే, ఆ మాట ఊరు చుట్టింది. నూతి దగ్గర, పాలవాడి దగ్గర, మావారి స్కూల్లో. ఆ మేష్టారి పిల్ల సంగతి వేరట. డాక్టరు చూద్దామన్నాడు, దేవుడు ఏమీ అనలేదు, బట్టల కొట్టు షావుకారు మాత్రం తేల్చేశాడు. సొంత కొడుకుని కూడా లోపలికి రానివ్వని మనిషి రానిచ్చాడంటే ఇంక అనుమానమేముంది? మా అత్తగారు ఆ సంగతి విని వసకొమ్ము పక్కన పెట్టి కళ్ళు తుడుచుకున్నారు. ఊళ్ళో పిల్లలందరూ ఆ కొట్లోకి రావాలని ఏడుస్తారు, నా పిల్లని అందులోంచి ఎవరైనా గెంటితే బాగుండునని నేను ఏడ్చేదాన్ని.

పౌరుషం వచ్చి ఎదుటి కొట్టుకి మారాను. అక్కడ అడ్డేముంది, ఎంతమందైనా ఎంతయినా అరవచ్చు. పాప చేతిలో పిప్పరమెంటు పడింది. అది ఆనందంగా అరిచింది. అక్కడున్న పిల్లలు ఒక్క క్షణం ఆగి చూశారు. తరవాత ఒకడు దానిలాగే అరిచాడు. మిగతావాళ్ళు అందుకున్నారు. దాని చుట్టూ చేరి అది అరిచినట్టల్లా అరుస్తూ, నోరు తెరిచి చూపిస్తూ ఎగిరారు. కొట్టాయన బొజ్జ కదిలేలా నవ్వి, "పిల్లలు కదమ్మా, ఆడుకోనీ" అన్నాడు. పాప నా మెడ కరుచుకుని మొహం దాచుకుంది. పిల్లల గోల భరించడం గొప్ప గుణమని ఇప్పుడు అందరూ అంటారు. కావచ్చు. ఆ రోజు ఆ బంగారంలాంటి మనిషి కొట్లోంచి నేను పరుగులాంటి నడకతో బయటపడ్డాను.

మళ్ళీ ఈయన కొట్టుకే వెళ్ళాను. ఇన్నాళ్ళు రాలేదేమని ఆయన అడగలేదు. పాప కోసం పరుపు చివర గోడవార చోటు చూపించారు, అంతే.

అక్కడ అది ఆయన ఎదురుగా కూర్చుని, కొలుస్తున్నంతసేపూ రెప్ప వెయ్యకుండా ఆయన నోటివంక చూసేది. గుడ్డ చింపగానే అరిచేది. ఆయన ఆ అరుపుకి ఎప్పటికీ అలవాటు పడలేదు. ప్రతిసారీ భుజాలు ఎగరేసి, కళ్ళు గట్టిగా మూసుకునేవారు. కొన్నాళ్ళకి చింపేముందు దానికి ఒక వేలు చూపించడం మొదలుపెట్టారు, కాస్త ఆగు అన్నట్టు. అది నోరు తెరిచి పెట్టుకుని ఆగేది. చర్రుమనేది. అరిచేది. ఆయన కళ్ళు మూసుకునేవారు. దాన్ని దగ్గరికి తియ్యడం గానీ, ముద్దుచేసి పలకరించడం గానీ నేనెప్పుడూ చూడలేదు. ఆయన దృష్టిలో అదొక కష్టం, పోనీలే అని ఒప్పుకున్న కష్టం.

అలా ఒక ఏడాది దాకా గడిచింది. పాపకి మూడు నిండాయి. నెమలిలో గంట కట్టే పని పడలేదు.

మాఘమాసంలో ఒక మధ్యాన్నం వెళ్ళేసరికి కొట్టు నిండా ఎ.కొండూరు పెళ్ళివారు. పెళ్ళికొడుకు మేనమామ ఒకాయన పెద్దరికం చేస్తున్నాడు. వాళ్ళ పిల్లలు పదిమంది దాకా అరుగు మీద బల్ల కోసం తన్నుకుంటున్నారు. నేను గోడవార నా చోట్లో కూర్చున్నాను, పాప నా పక్కన. పెళ్ళివారి మగవాళ్ళ చొక్కాలకి లాంక్లాత్ పద్దెనిమిది గజాలు కావాలట. షావుకారు తాను విప్పారు, గజంబద్ద అందుకున్నారు, మొదటి గజం సాగదీశారు.

"లాభం" అన్నారు.

"లాబం" అంది మా పాప.

నేను కదల్లేదు. నా చెవులు నన్ను మోసం చేశాయనుకున్నాను. అరుపు కాదది, మామూలు గొంతు, చిన్న గొంతు. అంతకుముందు అలాంటి గొంతొకటి దాని దగ్గర ఉందని నాకు తెలియదు. షావుకారు చెయ్యి బద్ద మీద అలాగే ఆగిపోయింది. ఆయన పాపవంక చూడలేదు, నావంకా చూడలేదు.

"లెక్క తప్పింది" అని, గుడ్డ వెనక్కి లాక్కున్నారు.

మళ్ళీ "లాభం" అన్నారు. మళ్ళీ "లాబం" అంది. లెక్క మళ్ళీ తప్పింది. మూడోసారి ఆయన గుడ్డని బద్ద మీద సాగదీశారు గానీ ఏమీ అనలేదు. ఊరికే పట్టుకుని కూర్చున్నారు. పాప బద్దవంక చూసింది, ఆయన నోటివంక చూసింది, ఆ నోట్లోంచి మాట వచ్చేదాకా ఓపిక పట్టలేక తనే "లాబం" అంది. "రెండు" అన్నారాయన, మామూలుగా జరగాల్సిందే జరిగినట్టు. అని, మళ్ళీ లెక్క తప్పిందన్నారు.

పెళ్ళికొడుకు మేనమామకి చిర్రెత్తుకొచ్చింది. లోపల ఎవరూ అరవట్లేదు, తమ పిల్లల్ని బయట కూర్చోబెట్టారు, అయినా లెక్క ఎలా తప్పుతోందని అడిగాడు. "ఒక్క గజం దగ్గరే తప్పడమేంటండీ?" అన్నాడు.

"వయసు మీద పడుతోందండీ" అన్నారు షావుకారు.

ఆయనకి అప్పటికి నలభై అయిదు దాటలేదు. కడగొట్టు కొడుకు ఇంకా ఉయ్యాల దిగలేదు. పెళ్ళివారు మొహమొహాలు చూసుకున్నారు. ఈ లెక్క తేలేలా లేదు, ఎదుటి కొట్టుకి పోదాం అని ఒకావిడ గొణిగింది. ఆయన వినిపించుకోలేదు. వాళ్ళు లేచిపోయినా ఆయన లెక్క తప్పడం మానేవారు కాదని నా నమ్మకం. గుడ్డ వెనక్కి లాగడం, సాగదీయడం, పాపకోసం ఆగడం. ఎన్నిసార్లో గానీ, నేను తొమ్మిది దాకా లెక్కపెట్టాను. ఆ తరవాత కళ్ళు నిండిపోయి నాకు ఏమీ కనపడలేదు. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని కూర్చున్నాను, ఎక్కడ నా ఏడుపు పైకి వస్తే ఆ మాట ఆగిపోతుందో అని. చివర్లో ఎప్పుడో "లెండు" అని కూడా వినపడింది.

అప్పుడు గబగబా పద్దెనిమిది గజాలూ ఒక్క గుక్కలో కొలిచి, గాటు పెట్టి, పాపకి వేలు చూపించి, చర్రున చింపారు. పాప ఎప్పటిలాగే అరిచింది. ఆయన ఎప్పటిలాగే కళ్ళు గట్టిగా మూసుకున్నారు.

పెళ్ళివారు వెళ్ళాక, "షావుకారుగారూ, అది మాట్లాడిందండీ" అన్నాను.

"విన్నానమ్మా" అన్నారు తాను చుడుతూ. "పద్దెనిమిది గజాలకి గంట పట్టించింది."

ఆ సాయంత్రం నుంచి మా ఇంట్లో ఎవరి గొప్ప వాళ్ళు చెప్పుకున్నారు. వసకొమ్ము ఊరికే పోతుందా అని మా అత్తగారు. మా వంశంలో అందరికీ ఆలస్యంగానే మాటలొస్తాయని మావారు, అంతకుముందు ఎప్పుడూ చెప్పనిది. మరుసటి నెల బెజవాడ వెళ్తే, చూద్దామని అందుకే అన్నానని డాక్టరు. నెమలిలో గంట కట్టేశాం. షావుకారు పేరు ఎవరూ ఎత్తలేదు. నేను ఎత్తినా, ఆయన లెక్క తప్పితే దీనికి మాటలు రావడమేమిటని మావారు నవ్వారు. లెక్కల మేష్టారు కదా, ఆయనకి లెక్క తప్పడం ఎంతసేపూ తప్పుగానే కనపడుతుంది.

మావారికి తగిన శాస్తి మావారికి జరిగింది. పాపని ఒళ్ళో కూర్చోబెట్టుకుని వేళ్ళు చూపిస్తూ ఒంట్లు నేర్పబోయారు. "ఒకటి అనవే" అంటే అది వేలువంక చూసి "లాబం" అనేది. ఒకటి అనిపించడానికి లెక్కల మేష్టారు నానా తిప్పలూ పడ్డారు. బడిలో వేశాక కూడా కొన్నాళ్ళు లాభం దగ్గరే మొదలుపెట్టేది.

మాటలు రావడం మొదలయ్యాక ఇక ఆగలేదు. ఉగాది నాటికి వసపిట్టయిపోయింది. తెల్లారి లేస్తే ఇదేంటి, అదేంటి, ఎందుకు, ఎవలు. మా అత్తగారే, వస కాస్త ఎక్కువ రాశానేమోనే అన్నారు.

ఉగాది ముందు గుడ్డలకని దాన్ని తీసుకుని బయల్దేరాను. నిజానికి నాకు కొనవలసినవి ఏమీ లేవు. దాని మాటలు ఆయనకి వినిపించాలనే వెళ్ళాను. మెట్లెక్కుతుంటే అరుగు మీద పిల్లలు కిటకిటలాడుతున్నారు. కొట్లో ఆడవాళ్ళూ అంతే, అందరూ తెలిసినవాళ్ళే. పాప గోడవార కూర్చుంది. కూర్చున్న క్షణంనుంచి మొదలుపెట్టింది. ఈ ఎల్లది ఎవలికి, కత్తెల నాకు ఇవ్వవా, నీ జోడుకి తాడెందుకు, కేలండర్లో ఆ అమ్మాయి ఎవలు. ఆయన నాకు చూపిస్తున్న గుడ్డ ఆపి, కళ్ళజోడు తీశారు. మడిచి, రేకు పెట్టెలో పెట్టి, టక్కున మూశారు.

నాతో హాస్యమాడుతున్నారనుకుని నవ్వాను. ఆయన కేలండరు వంక చూస్తూ కూర్చున్నారు. నవ్వు ఆగిపోయి, మా పాపేగదండీ అన్నాను.

"మాటలొచ్చాయిగదమ్మా" అన్నారు, ఈసారి గొంతు తగ్గించకుండా, కొట్లో ఉన్న ఆడవాళ్ళందరికీ వినపడేలా. "ఇంక ఆ పిల్ల సంగతేం వేరు కాదు. అరుగు మీద కూర్చోబెట్టండి."

చెయ్యి పట్టుకుని బయటికి తీసుకెళ్ళాను. బల్ల మీద ఇద్దరిని జరగమని మధ్యలో కూర్చోబెట్టాను. లోపలికి తిరిగి వచ్చి కూర్చునేసరికి ఆయన పెట్టె తెరిచి జోడు పెట్టుకుంటున్నారు. ఏదో పచ్చ గుడ్డ నా చెవి దగ్గర పెట్టి నలిపారు. నాకు అది వినపడలేదు. బయట పిల్లలందరూ ఒక్కసారిగా అరుస్తున్నారు. చెవులు రిక్కించి ఎంత విన్నా, అందులో నా కూతురి అరుపు ఏదో నాకు తెలియలేదు.